కారులోని హెచ్చరిక దీపము: దాని సంకేతములను చదువు విధము



మన పాఠశాల గోడకు ఆవల, వన్ టౌన్ వీధులలో, తెల్లవారినది మొదలు సరకుల బండ్లును ఆటోలును కార్లును ఎడతెగక తిరుగుచుండును. కాళేశ్వరరావు మార్కెట్టునకు వచ్చు కూరగాయల బండి మొదలుకొని రైల్వే స్టేషనుకు పోవు బాడుగ కారు వఱకు ప్రతి వాహనము వెనుకను ఒక కుటుంబపు అన్నము ఉన్నది. అట్టి వాహనమున చోదకుని యెదుట ఇంజను బొమ్మ గల పసుపుపచ్చని చిన్న దీపమొకటి వెలిగినంతనే ఆ యింటి యజమాని గుండె జల్లుమనును. దానిని అందఱును చెక్ ఇంజను లైటు అందురు. ఈ దీపము ఏమి చెప్పుచున్నది? ఏమి చెప్పుట లేదు? దానిని చూచినప్పుడు తెలివిగలవాడు చేయవలసినదేమి? ఈ మూడు ప్రశ్నలకు ఈ పాఠమున సమాధానము చెప్పుదును. పదవ తరగతిలో మీరు చదువు ఓమ్ నియమము తప్ప దీనికి వేఱొక గొప్ప విద్య అక్కఱలేదని చివరకు మీకే తోచును.

1. ఈ దీపము పుట్టిన కథ

ఈ దీపము మొదట చోదకుని సౌకర్యము కొఱకు పుట్టలేదు. ఊరి గాలిని కాపాడుట కొఱకు పుట్టినది. అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రములోని లాస్ ఏంజిలీసు నగరము 1940 తరువాతి సంవత్సరములలో కండ్లు మండించు పొగమంచుతో నిండిపోవుచుండెను. హాలండు దేశమున పుట్టి కాలిఫోర్నియాలో రసాయన శాస్త్రాచార్యుడుగా నుండిన ఆరీ హాగెన్-స్మిట్ అను పండితుడు 1950 ప్రాంతమున దాని గుట్టు కనిపెట్టెను. మోటారు బండ్లు విడుచు కాలని పెట్రోలు ఆవిరియు, నైట్రోజను ఆక్సైడులును ఎండలో కలిసి ఓజోనును పుట్టించుచున్నవనియు, ఆ ఓజోనే ప్రజలను బాధించుచున్నదనియు ఆయన చూపెను.

అటుపిమ్మట చట్టములు వచ్చినవి. పొగను తగ్గించుటకై సైలెన్సరు దారిలో కాటలిటిక్ కన్వర్టరును అమర్చిరి. అది సరిగా పనిచేయవలెనన్న గాలికిని పెట్రోలుకును గల పాలు తూకము తప్పరాదు. సుమారు 14.7 భాగముల గాలికి 1 భాగము పెట్రోలు, తూకమున, ఉండవలెను. పాత కార్బురేటరు ఇంత సూక్ష్మముగా కొలువజాలదు. కాబట్టి ఇంజనుకు ఒక కంప్యూటరును, దానికి కండ్లు చెవులవంటి సెన్సరులను అమర్చవలసి వచ్చినది. పొగలో మిగిలిన ఆమ్లజనిని కొలుచు సెన్సరు 1976లో వోల్వో కార్లలో మొదట వచ్చినది.

అయితే ఈ కండ్లలో ఒకటి చెడినచో చోదకునికి తెలియుటెట్లు? బండి నడచుచునే యుండును. పొగ మాత్రము విషమగును. కావున ఇంజను తన్ను తానే పరీక్షించుకొని, దోషము కనబడినచో దీపము వెలిగించి, ఆ దోషమునకొక సంకేతమును వ్రాసి పెట్టుకొనవలెనని కాలిఫోర్నియావారు 1988 నమూనా కార్లనుండి నియమము పెట్టిరి. ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క భాషలో సంకేతములు వ్రాయుటచేత చిక్కులు వచ్చినవి. 1996 నుండి అమెరికాలో అమ్ము కార్లన్నిటికిని ఒకే ఆకారముగల 16 రంధ్రముల సాకెట్టును, ఒకే సంకేత భాషయు విధిగా ఏర్పడినవి. ఐరోపాలో పెట్రోలు కార్లకు 2001 నుండి ఇట్టి నియమము వచ్చినది. మన దేశమున భారత్ స్టేజి 4 కార్లకు 2010 ఏప్రిలు నుండి ఈ స్వయంపరీక్ష మొదటి మెట్టును, 2013 ఏప్రిలు నుండి రెండవ మెట్టును అమలులోనికి వచ్చినవి. అప్పటికి స్టేజి 4 హైదరాబాదు మొదలగు కొన్ని నగరములకే పరిమితము. 2017 ఏప్రిలు 1 నుండి దేశమంతటికిని, 2020 ఏప్రిలు 1 నుండి భారత్ స్టేజి 6 దేశమంతటికిని వర్తించినవి.

2. దీపము తీరును చూడుడు

మొదట రంగు చూడుడు. ఎఱ్ఱని దీపము, అనగా నూనె ఒత్తిడి తగ్గినదనియో, ఇంజను మితిమీరి కాగినదనియో చెప్పునది, వెంటనే బండి నిలుపుమని ఆజ్ఞ. పసుపుపచ్చని ఇంజను దీపము ఆజ్ఞ కాదు, హెచ్చరిక. అది నిలుకడగా వెలుగుచుండి, బండి నడకలో మార్పు లేనియెడల మెల్లగా ఇల్లు చేరి, త్వరలో చూపించుకొనవచ్చును.

అది మినుకు మినుకుమని కొట్టుకొనుచున్నచో సంగతి వేఱు. ఒక సిలిండరులో పెట్రోలు మండక, పచ్చిగా సైలెన్సరులోనికి పోవుచున్నదని దాని అర్థము. ఆ పెట్రోలు కాటలిటిక్ కన్వర్టరులో మండి, దాని లోపలి పింగాణి తేనెపట్టును కరగించివేయగలదు. ఒక ప్లగ్గుతో పోవలసిన ఖర్చు వేల రూపాయల వస్తువును మింగును. అట్టి సమయమున వేగము తగ్గించి, బండిని ప్రక్కకు తీసి నిలుపవలెను.

మఱియొక సంగతి. కంప్యూటరు అనేక దోషములను ఒక్కసారి చూచినంతనే దీపము వెలిగింపదు. మొదటి ప్రయాణమున అనుమానించి వ్రాసికొనును. రెండవ ప్రయాణమునను అదే కనబడినచో అప్పుడు వెలిగించును. వరుసగా మూడు ప్రయాణములలో దోషము కనబడనిచో దీపము తనంతట ఆరును. సంకేతము మాత్రము ఇంజను 40 మారులు చల్లారి, వేడెక్కువఱకు జ్ఞాపకములో నిలిచియుండును. తొందరపడి తీర్పు చెప్పక, సాక్ష్యము నిలిచిన పిమ్మటనే చెప్పుట ఈ యంత్రమునకు నేర్పిన గుణము. మనుష్యులమైన మనకు కూడ ఇది తగినదే.

3. సంకేతమును చదువుట

చోదకుని కాళ్లకు పైభాగమున, స్టీరింగుకు దిగువను, 16 రంధ్రముల సాకెట్టు ఉండును. అందులో 16వ రంధ్రమునకు బ్యాటరీ విద్యుత్తు, 4, 5 రంధ్రములకు ఎర్తు వచ్చును. స్కానరును అందు పెట్టినచో సంకేతములు అగపడును. స్కానరు అసలే వెలుగనిచో కారు కంప్యూటరు పోయినదని అనుకొనవలదు; ఆ సాకెట్టు ఫ్యూజు కాలియుండునేమో ముందు చూడవలెను.

ప్రతి సంకేతమున ఒక అక్షరమును నాలుగు గుర్తులును ఉండును. పి అనగా ఇంజను, గేరులు; సి అనగా బ్రేకులు, చక్రములవంటి క్రింది భాగములు; బి అనగా కారు గది; యు అనగా కంప్యూటరుల మధ్య మాటలు. మొదటి అంకె 0 అయినచో అది అన్ని కంపెనీలకు సామాన్యమైన సంకేతము. 1 అయినచో ఆ కంపెనీ సొంతము. రెండవ అంకె 1 లేక 2 అయినచో గాలి, పెట్రోలు సంబంధము. 3 అయినచో మంట రగిలించుట. 4 అయినచో పొగను శుద్ధి చేయు భాగములు. 5 అయినచో వేగము, నిలుకడ నడక. 6 అయినచో కంప్యూటరు. 7 అయినచో గేరులు. మిగిలిన రెండు గుర్తులు దోషమును ప్రత్యేకించి చెప్పును. కొన్ని ఉదాహరణలు:

పి 0301: ఒకటవ సిలిండరులో మంట తప్పుచున్నది.
పి 0171: గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ.
పి 0420: కాటలిటిక్ కన్వర్టరు తగినంత పనిచేయుట లేదు.
పి 0562: విద్యుత్తు వోల్టేజి తక్కువ.
యు 0100: ఇంజను కంప్యూటరుతో మాట తెగినది.

ఇక్కడ ముఖ్యమైన మాట యొకటి చెప్పవలెను. పి 0171 వచ్చినంతనే ఆమ్లజని సెన్సరు మార్చువారు కలరు. ఆ సెన్సరు చేసిన తప్పేమి? గాలి ఎక్కువైనదని అది నిజమే చెప్పినది. ఎక్కడనో రబ్బరు గొట్టము పగిలి గాలి చొరబడుచుండవచ్చును. పెట్రోలు పంపు బలహీనపడియుండవచ్చును. దొంగతనము చూచి కేకవేసిన కావలివానిని పనిలోనుండి తీసివేసిన గృహస్థుని వివేకమెంతటిదో ఈ పనియు అంతటిదే. సంకేతము సాక్షి మాత్రమే, న్యాయాధిపతి కాదు.

4. సెన్సరు మాటలాడు తీరు

ఇంజను నీటి వేడిమిని కొలుచు సెన్సరును ఉదాహరణముగా తీసికొందము. అది వేడి పెరిగిన కొలది నిరోధము తగ్గు వస్తువు. కంప్యూటరు తనలోని ఒక నిరోధము గుండ 5 వోల్టులను దానికి పంపి, రెండు నిరోధముల నడుమ వోల్టులను చూచుకొనును. కంప్యూటరులోని నిరోధము 2500 ఓములనుకొందము. అప్పుడు,

వోల్టులు = 5 × సెన్సరు నిరోధము ÷ (సెన్సరు నిరోధము + 2500).

చల్లని ఉదయమున సెన్సరు నిరోధము 2500 ఓములు ఉన్నచో 2.5 వోల్టులు వచ్చును. ఇంజను కాగి నిరోధము 300 ఓములకు దిగినచో సుమారు 0.54 వోల్టులు వచ్చును. తీగ తెగినచో? ప్రవాహము లేదు గనుక పూర్తి 5 వోల్టులు కనబడును. కంప్యూటరు దానిని సున్నకు దిగువ 40 డిగ్రీల చలి అని చదువును! రెండు తీగలు ఒకదానినొకటి తాకినచో 0 వోల్టులు; అది భరింపరాని వేడిమి యని చదువును. మొదటి దానికి పి 0118, అనగా వోల్టులు మితిమీరినవి. రెండవ దానికి పి 0117, అనగా వోల్టులు మఱీ తగ్గినవి.

దీనినుండి ఒక చక్కని పరీక్ష పుట్టును. స్కానరులో వేడిమిని చూచుచు, ఆ రెండు తీగల సెన్సరు ప్లగ్గును ఊడదీయుడు. అంకె అట్టడుగు చలికి పడవలెను. ప్లగ్గులోని రెండు మొనలను చిన్న తీగతో కలుపుడు. అంకె పై వేడిమికి ఎగురవలెను. రెండును జరిగినచో తీగలును కంప్యూటరును మంచివి, సెన్సరే చెడినది. జరుగనిచో సెన్సరు నిర్దోషి; దోషము తీగలలోనో, కంప్యూటరులోనో ఉన్నది. ఈ పరీక్షకు కాసు ఖర్చు లేదు. అయితే ఇట్లు కలుపుట రెండు తీగల వేడిమి సెన్సరుకు మాత్రమే తగును, తక్కినవాటికి చేయరాదు.

5. నేను కన్నులార చూచిన యొక సంగతి

2024వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి సింగ్ నగర్ మొదలగు పేటలు మునిగిన సంగతి మీరెవ్వరును మఱచియుండరు. మఱునాడు ప్రకాశము బ్యారేజి వద్ద కృష్ణానది 11.43 లక్షల క్యూసెక్కులతో పాఱినది. మీలో కొందఱి పుస్తకములు ఆ నీటిలో పోయినవి. కొందఱి తండ్రుల బండ్లు మునిగినవి.

అట్టి తండ్రులలో ఒకాయన బాడుగ కారు నడుపువారు. ఆయన కారులోనికి సీట్ల అడుగువఱకు నీరు వచ్చినది. కడిగి, ఆరబెట్టగా బండి నడచినది. మూడు నెలలు గడచిన పిమ్మట దీపము వెలిగెను. గోరుచుట్టుపై రోకటిపోటన్నట్లు, వరదలో ఇంటి సామాను పోయినవారికి ఇది వచ్చిపడినది. ఒక పనిశాలలో స్కానరు పెట్టి పి 0118 అను సంకేతము చూచి వేడిమి సెన్సరు మార్చిరి. వారము గడువక దీపము మఱల వెలిగెను. ఈమాఱు పెట్రోలు ఇంజనుకు గాలి తలుపైన త్రాటిల్ భాగమును మార్చిరి. మఱల వెలిగెను. తరువాత గాలి ఒత్తిడి సెన్సరు మార్చిరి. పదునాలుగు వేల రూపాయలు అయినవి, దీపము ఆరలేదు. బండి నడిరోడ్డున కుదుపులిచ్చుచుండుటచే ప్రయాణికులు రాకుండిరి.

జనవరి నెలలో ఆయన నా యొద్దకు వచ్చి, తన కుమారుని బడి మాన్పించి ఏదేని దుకాణమున పనికి పెట్టదలచితినని చెప్పెను. తొమ్మిదవ తరగతి పిల్లవాడు. లెక్కలలో చురుకైనవాడు.

"ఆ దీపం ఆరితే గాని మా ఇంట్లో పొయ్యి వెలగదు మాస్టారూ," అని ఆయన అనెను.

నాకు తోచినది చెప్పుచు, కంప్యూటరే నీటిలో చెడియుండునంటిని. అది నా తొందరపాటు. అయినను ఆ మాటపై ఖర్చు పెట్టింపక, శనివారము నాడు ఆయనతో కలిసి ఆటోనగరుకు పోయితిని. అక్కడ మన పాఠశాల పూర్వ విద్యార్థి యొకడు కార్ల వైరింగు పని చేయుచున్నాడు. నా తరగతిలో వెనుక బల్లపై కూర్చుండి, ప్రయోగశాలలో మాత్రము ముందుకు వచ్చినవాడు.

అతడు స్కానరును తాకకముందు ఒక ప్రశ్న వేసెను. "ఎప్పుడు వెలుగుతుంది బాబాయ్? ఎండలోనా, వానలోనా, గతుకుల్లోనా?"

"స్పీడు బ్రేకరు దాటేటప్పుడు ఒక్క కుదుపు ఇస్తుందయ్యా. ఆ తర్వాత వెలుగుతుంది."

అతడు తలయూచి, స్కానరు పెట్టి, కనబడిన సంకేతములన్నిటిని కాగితముపై వ్రాసెను. నాలుగు ఉన్నవి: పి 0108 గాలి ఒత్తిడి సెన్సరు, పి 0113 లోనికి వచ్చు గాలి వేడిమి సెన్సరు, పి 0118 నీటి వేడిమి సెన్సరు, పి 0123 త్రాటిల్ సెన్సరు. నాలుగింటిలోను దోషము ఒక్కటే: వోల్టులు మితిమీరినవి. ఆ కాగితము నాకు చూపి, "మాస్టారూ, నలుగురు పిల్లలు ఒకే తప్పు లెక్క రాస్తే మీరేమంటారు?" అని నవ్వెను. నలుగురును ఒకనిని చూచి వ్రాసిరందును. దోషము నలుగురిలో లేదు. నలుగురికి ఉమ్మడియైన చోట ఉన్నది.

తరువాత, దోషము తగిలిన క్షణమున కంప్యూటరు భద్రపఱచిన కొలతలను తీసెను. ఇది స్కానరులో చాలమంది చూడని పుట. బండి గంటకు 18 కిలోమీటర్ల వేగముతో పోవుచుండెను. ఇంజను నీటి వేడిమి సున్నకు దిగువ 40 డిగ్రీలు! ఎండకు పేరుపడిన మన బెజవాడలో, నడచుచున్న ఇంజనులో, సైబీరియా చలి! అది చలి కాదనియు, తెగిన తీగ యనియు పై లెక్క చదివిన మీకిప్పుడు తెలియును.

ఆ నాలుగు సెన్సరులకును కంప్యూటరు చేరు ఎర్తు తీగ యొక్కటే అని వైరింగు పటమునందున్నది. అతడు బ్యాటరీ ఋణ ధ్రువమున మల్టీమీటరు తీగ యొకటి, సెన్సరు ఎర్తు మొనయందు రెండవది ఉంచి ఇంజను నడపెను. 0.02 వోల్టులు, నిర్దోషము. తరువాత తీగల కట్టను జానెడు జానెడుగా మెల్లగా కదపుచు పోయెను. డాష్‌బోర్డు అడుగున ఒక చోట కదపినంతనే మీటరు 4 వోల్టులు దాటెను. ఇంజను కుదుపు నిచ్చెను. ఆ చోటి ప్లగ్గు ఊడదీయగా ఒక మొనపై ఆకుపచ్చని చిలుము పట్టియున్నది. బుడమేటి నీరు వదలిపోయిన గుర్తు అది. అతడు ఆ మొనను తీసి క్రొత్తది వేసి, ప్రక్క మొనలను శుద్ధిచేసి బిగించెను. అయిదు వందల రూపాయలు తీసికొనెను.

అతడన్న మాట నేను మఱువలేదు: "స్కానరు వీధి పేరు చెబుతుంది మాస్టారూ. ఇల్లు మనమే వెతుక్కోవాలి."

పిమ్మట సంకేతములను తుడిచి, కనకదుర్గ ఫ్లైఓవరు మీదుగా ఇబ్రహీంపట్నము వఱకు పోయి వచ్చితిమి. ఊరిలోని స్పీడు బ్రేకరులన్నిటిని దాటించితిమి. దీపము వెలుగలేదు. మొదటి పనిశాలవారిని నేను నిందింపను, వారు అబద్ధమాడలేదు. నాలుగు సాక్ష్యములుండగా ఒక్కటి విని లేచిపోయిరి, అంతియే. సోమవారము నాడు ఆ పిల్లవాడు యథాప్రకారము తన బల్లపై కూర్చుండి యుండెను.

6. పరీక్షించు క్రమము

ఈ సంగతినుండి మనము నేర్చుకొనదగిన క్రమమును వరుసగా వ్రాయుచున్నాను.

ఒకటవది: మొదట ప్రశ్నింపుడు. ఎప్పుడు వెలిగెను? అంతకు ముందు ఏ పని జరిగెను? నీరు తగిలెనా? మన వన్ టౌన్ ధాన్యపు కొట్ల చెంత బండి నిలుపువారు ఎలుకలను కూడ మఱువరాదు. అవి తీగల తొడుగును కొఱుకుట సామాన్యము.

రెండవది: బ్యాటరీని కొలువుడు. ఇంజను ఆపి కొంతసేపైన పిమ్మట 12.6 వోల్టులు ఉన్నచో నిండుగా నున్నది. ఇంజను నడచుచుండగా 13.5 నుండి 14.5 వఱకు ఉండవలెను. తక్కువైనచో మనవారు డైనమో అను ఆల్టర్నేటరును, దాని బెల్టును చూడవలెను. వోల్టులు తగ్గినచో కంప్యూటరులు పరిపరి విధముల తప్పుడు సంకేతములను వ్రాయును. పునాది చూడక గోడకు పగులు పూయరాదు.

మూడవది: సంకేతములన్నిటిని, దోషక్షణపు కొలతలతో సహా, కాగితముపై వ్రాసికొనుడు. వ్రాయకముందు తుడువవలదు. తుడిచినచో ఆ కొలతలు కూడ పోవును.

నాలుగవది: అనేక సంకేతములున్నచో వాటికి ఉమ్మడియైనదేదో వెదకుడు: ఒకే ఫ్యూజు, ఒకే 5 వోల్టుల తీగ, ఒకే ఎర్తు.

అయిదవది: కంటితో చూడుడు. వదులైన ప్లగ్గు, పగిలిన గొట్టము, చిలుము, కాలిన వాసన.

ఆఱవది: భారమున్నప్పుడు కొలువుడు. దీనిని మన కాలువలతో పోల్చి చెప్పెదను. బందరు కాలువలో గుఱ్ఱపుడెక్క అడ్డుపడియున్నను, క్రింది తూములు మూసియున్నంత కాలము పైనను క్రిందను నీటిమట్టము ఒక్కటిగానే కనబడును. తూములు తెఱచి నీరు పాఱనిచ్చినప్పుడే శివారు భూములకు నీరు చాలక అడ్డు బయటపడును. అట్లే తొమ్మిది పోగులు తెగి ఒక్క పోగు మిగిలిన తీగయు, ప్రవాహము లేనప్పుడు ఓమ్ మీటరుకు మంచిదిగానే అగపడును. ప్రవాహమున్నప్పుడు రెండు కొనల మధ్య వోల్టులు కొలిచినచో దాని బలహీనత బయటపడును. మంచి ఎర్తు తీగపై ఈ తేడా 0.1 వోల్టుకు లోపల ఉండవలెను.

ఏడవది: యు అక్షరపు సంకేతములు వచ్చినచో కంప్యూటరుల మాటల తీగలను చూడవలెను. కారులోని కంప్యూటరులు జంట తీగలపై, ఊరిలో టముకు వేసినట్లు, అందఱికి వినబడునట్లు మాటలాడును; ఎవరికి కావలసిన మాట వారు గ్రహింతురు. బాష్ కంపెనీవారు ఈ పద్ధతిని 1986లో లోకమునకు తెలిపిరి. ఆ జంట తీగల రెండు కొనలయందు 120 ఓముల నిరోధములు రెండుండును. బ్యాటరీ తీసి, సాకెట్టు 6, 14 రంధ్రముల నడుమ కొలిచినచో సుమారు 60 ఓములు రావలెను. 120 వచ్చినచో ఒక కొన తెగినది. ఎందుకో సమాంతర నిరోధముల పాఠము తెఱచి మీరే చెప్పుడు.

ఎనిమిదవది: బాగుచేసిన తరువాత తుడిచి, దోషము వచ్చిన పరిస్థితులలోనే బండిని నడిపి చూడుడు. అప్పటివఱకు పని ముగిసినట్లు కాదు.

జాగ్రత్తలు కూడ వినుడు. కాలిన ఫ్యూజుకు బదులు లావు తీగ చుట్టరాదు. ఫ్యూజు కాపాడవలసిన కట్ట అంతయు కాలిపోవును. కంప్యూటరు తీగలను బల్బు పరీక్షతో తాకరాదు. ఎయిర్‌బ్యాగుకు పోవు పసుపుపచ్చని తొడుగు తీగలపై చేయి వేయరాదు. నడచు ఇంజను వద్ద వదులు చొక్కాలు, పమిటలు, కండువాలు ఉండరాదు.

7. నీట మునిగిన బండి

మన ఊరు ఏటికిని వాగులకును నడుమ నున్నది గనుక ఇది వేఱుగా చెప్పదగినది. మునిగిన బండిని ముందుగా స్టార్టు చేసి చూడవలెనను కోరిక అణచుకొనుడు. నీరు గాలివలె అణగదు. సిలిండరులో నీరున్నచో పిస్టను కడ్డీ వంగిపోవును. మొదట బ్యాటరీ ఋణపు తీగ ఊడదీయుడు. తడిసిన మొనలకు విద్యుత్తు తగిలియున్నచో, మీరు ప్రయోగశాలలో చూచిన విద్యుద్విశ్లేషణమే అచ్చట జరిగి, రాగిని తినివేయును. ఇంజను నూనెలో నీరు కలిసినదేమో చూడుడు. తివాచీల క్రింద ప్లగ్గులను ఒక్కటొక్కటిగా తెఱచి, మంచినీటితో కడిగి, ఆరబెట్టి బిగింపుడు. ఆ దినమున రెండు గంటల శ్రమ మూడు నెలల తరువాతి పదునాలుగు వేలను మిగుల్చును.

8. దీపమును ఆర్పుట, దోషమును తీర్చుట

ఈ రెండు పనులు ఒక్కటి కావు. సంకేతము తుడిచినచో దీపము క్షణములో ఆరును. కొందఱు బండిని అమ్మబోవు నాడు ఇట్లు చేయుదురు. కొన్నవాడు కొన్ని దినములకే మోసము తెలిసికొనును. నిపుణుడు అంతకు ముందే పట్టగలడు. సంకేతములు తుడిచినచో స్వయంపరీక్షలు ఇంకను పూర్తికాలేదని స్కానరు చూపును. ప్రోగ్రెసు కార్డులోని ఎఱ్ఱ గీతను గీకివేసి తండ్రికి చూపిన బాలుడు లెక్క నేర్చుకొన్నవాడగునా?

మనలోపలను అంతఃకరణ మను దీపమొకటి వెలుగుచుండును. దానిని ఆర్పుటకు మార్గములు చాల కలవు. అది దేనిని చూపుచున్నదో వెదకి సరిచేయుటకు మార్గమొక్కటే. ఆటోనగరులో పనిచేయబోవు వాడైనను, పుస్తకము పట్టబోవు వాడైనను, సాక్ష్యమంతయు విని పిమ్మటనే తీర్పు చెప్పుట అభ్యసింపవలెను. మీరు పుచ్చుకొను కూలి వెనుక ఒక పిల్లవాని బడి ఉండవచ్చునని మఱువకుడు.

అభ్యాసము

1. పసుపుపచ్చని ఇంజను దీపము నిలుకడగా వెలుగుటకును, కొట్టుకొనుటకును గల భేదమేమి?
2. పి 0302 అను సంకేతములో ఒక్కొక్క గుర్తు దేనిని తెలుపును?
3. కంప్యూటరు నిరోధము 2500 ఓములు, సెన్సరు నిరోధము 1000 ఓములు అయినచో కనబడు వోల్టులెన్ని?
4. 120 ఓముల నిరోధములు రెండు సమాంతరముగా కలిపినచో మొత్తము నిరోధము ఎంత? ఒకటి తెగినచో ఎంత?
5. నాలుగు సెన్సరులు ఒక్కమాఱే మితిమీరిన వోల్టులు చూపినచో మీరు మొదట దేనిని పరీక్షింతురు? కారణము చెప్పుడు.
6. మీ వీధిలో వరదలో మునిగిన బండి గలవారు ఉన్నచో, వారు మొదట ఏమి చేసిరో, తరువాత ఏమి జరిగెనో అడిగి, ఒక పుట వ్రాసి తెండు.